బాడీ మార్చాలా, లెన్సు కొనాలా

ఆర్నెల్లపాటు నా బ్రౌజర్లో రెండు ట్యాబులు మూయకుండా అలాగే పడున్నాయి. ఒకదాంట్లో కొత్త కెమెరా బాడీ, ఇంకోదాంట్లో మోచెయ్యంత పొడుగు లెన్సు. చేతిలో ఉన్నది ఎనభై వేలు. రెండూ కొనడానికి చాలవు, ఒకటి కొంటే రెండోదాని మీదకి మనసు పోతుంది. మన ఫీల్డులో కెమెరా పట్టుకున్న ప్రతివాడికీ ఏదో ఒక రోజు ఈ తద్దినం తప్పదు కాబట్టి, నేను ఏం లెక్కలేశానో, ఎక్కడ తేలానో చెప్తాను. పనికొస్తే వాడుకోండి.

నాకున్నది నికాన్ డి5600. 2016లో వచ్చిన మోడలు. నేను 2019లో, మొదటి ఉద్యోగంలో మొదటి బోనసు చేతికి రాగానే కొన్నాను. ఆ ఏడాది జనవరి 1 నుంచే డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, అదో వంక దొరికింది. పెట్టెలో రెండు లెన్సులొచ్చాయి, ఒకటి 18-55, ఇంకోటి 70-300. ఆరేళ్ళుగా అవే. లెన్సుని చక్కగా తెలుగులో కటకం అనొచ్చు, కానీ ఆ మాట వినగానే నాకు ఒడిషాలో ఊరు గుర్తొస్తుంది. అందుకని లెన్సు అనే అంటాను, భాషాభిమానులు మన్నించాలి.

ఫోటోల గురించి తెలిసినవాళ్ళని ఎవర్ని అడిగినా ఒకటే సమాధానం. "బాడీ ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. లెన్సు మీద పెట్టు." ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచిస్తే, దాని కాలానికి అది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఫిల్ము రోజుల్లో బాడీ అంటే వెలుతురు చొరబడని ఒక పెట్టె. బొమ్మ నాణ్యత ఫిల్ములోనూ లెన్సులోనూ ఉండేది. తర్వాత 2000ల్లో డిజిటల్ బాడీలొచ్చాక అవి కూరగాయల్లా వాడిపోయేవి. 2004లో వచ్చిన నికాన్ డి70లో ఉన్నది ఆరు మెగాపిక్సెళ్ళు. ఆ రోజుల్లో బాడీ మీద డబ్బు పోసినవాడికి రెండేళ్ళలో కడుపుమంట ఖాయం. లెన్సు కొన్నవాడు మాత్రం నిశ్చింతగా ఉండేవాడు. నికాన్ ఎఫ్ మౌంటు పుట్టింది 1959లో, నా డి5600 మూతికి ఉన్నదీ ఆ మౌంటే.

ఇప్పుడు సంగతి అంత సాఫీగా లేదు. లెన్సు శాశ్వతం అనుకున్నవాళ్ళకి 1987లో కేనన్ ఒక దెబ్బ చూపించింది. పాత ఎఫ్‌డీ మౌంటు వదిలేసి ఈఎఫ్‌కి మారిపోయింది, పాత లెన్సులు కొత్త బాడీలకి ఎక్కలేదు. 2018లో నికాన్, కేనన్ రెండూ మిర్రర్‌లెస్ కోసం కొత్త మౌంట్లు తెచ్చాయి. అడాప్టర్లు ఉన్నాయనుకోండి. కానీ నికాన్ అడాప్టర్లో మోటారు లేదు కాబట్టి, లోపల మోటారు లేని పాత రకం ఆటోఫోకస్ లెన్సులు దానికి తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. నా డి5600లోనూ అదే కథ, దాని బాడీలోనూ మోటారు లేదు. అంటే "లెన్సు ఎప్పటికీ ఉంటుంది" అన్నమాటకి చిన్నక్షరాల్లో షరతులు వర్తిస్తాయి.

రెండోది, మనవాళ్ళకి బాగా అర్థమయ్యేది. 2016లో వచ్చిన నికాన్ డి500లో 20.9 మెగాపిక్సెళ్ళు. 2024 చివర్లో వచ్చిన జడ్50 రెండో వెర్షన్లోనూ 20.9 మెగాపిక్సెళ్ళే. ఎనిమిదేళ్ళలో అక్కడ ఒక్క పిక్సెలు కదల్లేదు. మరి కదిలింది ఏవిటంటే ప్రాసెసరు, దాని మీద నడిచే కోడు. ఎదురుగా ఉన్నది మనిషా, పిట్టా, విమానమా అని అదే కనిపెట్టి, పిట్టయితే కన్ను ఎక్కడుందో వెతికి పట్టుకుని వదలదు. కాబట్టి బాడీ అంటే ఇప్పుడు సగం పైగా సాఫ్ట్‌వేరు. సాఫ్ట్‌వేరు రాసి బతికేవాణ్ణి, దాన్ని తీసిపారెయ్యలేను కదా.

ఇలా ఇద్దరి వాదనా బలంగానే ఉంది. అప్పుడు తట్టింది. ఆఫీసులో ఎవడైనా "సర్వరు స్లోగా ఉంది, పెద్ద మెషీను కొందాం" అంటే మనం ముందు అడిగే ప్రశ్న "ప్రొఫైల్ చేశావా?" అనే కదా. నా కెమెరాకి నేను ఆ పని చెయ్యలేదే!

ఓ శనివారం పొద్దున కూర్చుని ముప్ఫై లైన్ల పైథాన్ స్క్రిప్టు రాశాను. ప్రతి ఫోటోలోనూ ఎంత ఫోకల్ లెంగ్తులో తీశాం, షట్టరు ఎంత, ఐఎస్‌ఓ ఎంత అన్నది కెమెరా తనంతట తనే రాసి పెడుతుంది. ఆరేళ్ళలో పధ్నాలుగు వేల చిల్లర ఫోటోలు. అందులో నేను నక్షత్రం పెట్టి దాచుకున్నవి 1,130. దాచుకున్నవాటిలో 52 శాతం 18కీ 35కీ మధ్య తీసినవి. 27 శాతం సరిగ్గా 300 దగ్గర. 299 కాదు, 280 కాదు, 300. అంటే అక్కడ గోడకి తల కొట్టుకుంటున్నానన్నమాట, ఇంకా జూము ఉంటే ఇంకా తిప్పేవాణ్ణి. మిగతా మధ్యలో ఉన్నదంతా అత్తెసరు.

దాచుకున్నవి చూస్తే సరిపోదు, పారేసినవీ చూడాలి. అది స్క్రిప్టుతో అయ్యే పని కాదు. పారేసినవాటిలోంచి గుడ్డిగా ఓ నాలుగొందలు ఏరి, ఒక్కోటీ తెరిచి ఎందుకు పారేశానో పక్కన రాశాను. 190 ఫోటోల్లో పిట్ట మరీ చిన్నది, కత్తిరించి పెద్దది చేస్తే అటుకుల్లా పిక్సెళ్ళు. 90 ఫోటోలు చీకట్లో షట్టరు నెమ్మదై కదిలిపోయినవి. ఫోకస్ తప్పినవి 60. ఇంకో 60 అసలెందుకు తీశానో దేవుడికే తెలియాలి, వాటికి ఏ కంపెనీ దగ్గరా మందు లేదు.

కొత్త బాడీ ముఖ్యంగా బాగుచేసేది ఆ ఫోకస్ తప్పిన 60ని. పదిహేను శాతం. మిగతా 280 లెన్సు ఖాతాలోవి. పైగా అవి ఒక లెన్సుతో పోయేవి కావు, రెండు వేరు వేరు రోగాలు.

మొదటి రోగం, దూరం. దీని లెక్క పదో తరగతి ఫిజిక్సే. సెన్సారు మీద పడే బొమ్మ సైజు కావాలంటే పిట్ట పొడుగుని ఫోకల్ లెంగ్తుతో గుణించి దూరంతో భాగించాలి. లకుముకి పిట్ట ఉంటుంది చూడండి, తెల్లరొమ్ముది, కరెంటు తీగల మీద కూర్చునేది. ముక్కు నుంచి తోక దాకా సుమారు 28 సెంటీమీటర్లు. ముప్ఫై మీటర్ల దూరంలో కూర్చుంటే, 300 లెన్సుతో సెన్సారు మీద దాని బొమ్మ 2.8 మిల్లీమీటర్లు. డి5600 సెన్సారులో మిల్లీమీటరుకి దాదాపు 255 పిక్సెళ్ళు. అంటే పిట్ట మొత్తం ఏడొందల పైచిలుకు పిక్సెళ్ళు. అదే 20.9 మెగాపిక్సెళ్ళ కొత్త బాడీ పెడితే ఆరొందల అరవై చిల్లర. చూశారా, లక్ష పెట్టి కొత్త బాడీ కొంటే పిట్ట చిక్కిపోయింది! ఫుల్ ఫ్రేము మోజున్నవాళ్ళకి ఇంకో మాట. 45 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేములో మిల్లీమీటరుకి వచ్చేది 230 చొప్పున. మెగాపిక్సెళ్ళు రెట్టింపు ఉన్నట్టే ఉంటాయి గానీ అవి పరుచుకున్న పొలం పెద్దది, మన పిట్ట కూర్చున్న సెంటు భూమిలో తక్కువే పడతాయి. 500 లెన్సు పెడితే, ఇదే పాత డి5600లో పిట్ట పన్నెండొందల పిక్సెళ్ళు అవుతుంది. విస్తీర్ణంలో చూస్తే రెండున్నర రెట్లకి పైనే.

రెండో రోగం, చీకటి. ఇది మా ఇంటి సంగతి.

మాది పెంటపాడు. తాడేపల్లిగూడెం పక్కనే, స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే టీ చల్లారేలోపు ఇంట్లో ఉంటాం. ఇంట్లో మా మామ్మ ఉంటుంది, ఎనభై నాలుగేళ్ళు. ఫోటో అంటే కూర్చోదు. "నా మొహమేం ఫోటోరా" అని కొంగు అడ్డం పెట్టుకుంటుంది. కళ్ళకి శుక్లాలు తీయించిన దగ్గర్నుంచి ఫ్లాషు పడదు. ఆవిడ ఆవిడగా కనిపించేది వంటింట్లో, పని చేసుకుంటున్నప్పుడు. దబ్బకాయ తరుగుతున్నప్పుడో, పచ్చడి బండ మీద చెయ్యి తిరుగుతున్నప్పుడో. ఆ వంటింటికి ఒక్క కిటికీ, అది కూడా పక్కింటి గోడ వైపు. పైన తొమ్మిది వాట్ల బల్బు. 18-55 లెన్సు 35 దగ్గర పెట్టి ఎంత తెరిచినా ఎఫ్/4.8 దగ్గర ఆగిపోతుంది. ఐఎస్‌ఓ 6400 పెట్టినా షట్టరు 1/15. మామ్మ మొహం నిలబడుతుంది, చేతులు మాత్రం పొగలా కరిగిపోతాయి. ఆరేళ్ళలో ఆ వంటింట్లో నేను తీసినవి రెండొందల పైనే ఉంటాయి. చేతులు సరిగ్గా ఉన్నవి నాలుగు.

ఇక్కడా లెక్క వేసుకుందాం. ఈ సెన్సారు నుంచి ఫుల్ ఫ్రేముకి మారితే వైశాల్యం 2.3 రెట్లు, కాబట్టి వెలుతురులో లాభం కూడా దాదాపు అంతే. దానికయ్యే ఖర్చు బాడీ, దానికి తగ్గ లెన్సు కలిపి నా ఎనభై వేలకి రెట్టింపు పైమాటే. అదే 35 ఎఫ్/1.8 లెన్సు, 2009లో వచ్చింది, రెండొందల గ్రాములు, జేబులో పడుతుంది. ఎఫ్/4.8 నుంచి 1.8కి వెళ్తే వెలుతురు ఏడు రెట్లు. ఒకరు వాడి అమ్ముతున్నది హైదరాబాదులో తొమ్మిది వేలకి దొరికింది. దీనికి ఆలోచన ఎందుకండీ! 1/15 ఉన్న షట్టరు 1/100 అయ్యింది. ఫోన్లు చీకట్లో ఇంతకంటే బాగా తీస్తున్నాయిగా అని అడగొచ్చు. కదలని వాటిని తీస్తాయి. చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి బొమ్మ చేస్తాయి కాబట్టి, కదిలే చేతుల దగ్గరికొచ్చేసరికి వాటికీ తడబాటే. పైగా మామ్మ ముడతల్ని మా తమ్ముడి ఫోను ఇస్త్రీ చేసేస్తుంది. ఆ ఫోటోలో ఆవిడ మా మామ్మ చెల్లెల్లా ఉంటుంది.

35కి ఒక చిక్కు ఉంది, చెప్పాలి. ఎఫ్/1.8 దగ్గర నుంచి తీస్తే ముక్కు తేటగా ఉండి చెవి మసకవుతుంది. మామ్మ మొహమూ చేతులూ రెండూ కావాలంటే రెండడుగులు వెనక్కి జరగాలి, వంటింట్లో వెనక్కి జరిగితే నీళ్ళ బిందె. బిందె బయట పెట్టించాను.

ఇహ మొదటి రోగానికి వద్దాం. అసలు ఖరీదైనది అదే. నా దృష్టంతా నికాన్ 200-500 ఎఫ్/5.6 మీద. 2015లో వచ్చింది, 2.3 కిలోల బరువు. సెకండ్‌హ్యాండులోనే అరవై వేలు దాటి చెప్తున్నారు. అంత పెట్టేముందు ఒకసారి చేత్తో పట్టుకుని చూద్దామని, 2025 సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు హైదరాబాదులో అద్దెకి తీసుకున్నాను. రోజుకి తొమ్మిది వందలు, డిపాజిట్టు, ఆధారు జిరాక్సు. గౌతమిలో పై బెర్తు మీద దాన్ని పసిపిల్లలా పక్కన పడుకోబెట్టుకుని వెళ్ళాను.

పెంటపాడు నుంచి తెల్లవారుజామున బండి మీద బయల్దేరి ఆకివీడు మీదుగా కైకలూరు, అక్కణ్ణుంచి ఆటపాక. కొల్లేరు గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడ్డ మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు లాంటివి తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోతుంది. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. లోపలికి చొచ్చుకొచ్చిన చేపల చెరువుల గట్లని 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో తెగ్గొట్టారు. ఇన్ని జరిగినా ఇవాళ వెళ్ళి చూస్తే మీకు ముందు కనిపించేది సరస్సు కాదు, గట్లు, చెరువులు, ఐసు లారీలు. ఆటపాకలో మాత్రం ఇనప స్టాండ్లు పాతి పెట్టారు. వాటి మీద గూడబాతులు, అదే పెలికాన్లు, చలికాలంలో గూళ్ళు పెడతాయి. పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు. అటవీశాఖ పడవ మీద తిప్పుతారు.

గూడబాతు విషయంలో ఒకటి గమనించాను, ఇది ఏ రివ్యూలోనూ రాయరు. రివ్యూ చేసేవాళ్ళు ఎప్పుడూ గద్దలు, పిచ్చుకలు, దూసుకుపోయే వాటిని పెట్టి ఆటోఫోకస్ పరీక్షిస్తారు. గూడబాతు అయిదు కిలోల దాకా తూగే పక్షి. అది లేవడం అంటే మా ఊరి పాత పల్లెవెలుగు బస్సు స్టాండులోంచి కదిలినట్టు. ముందు నీళ్ళ మీద పరిగెడుతుంది, ఆలోచిస్తుంది, రెక్కలు కొడుతుంది, అప్పుడు లేస్తుంది. లేచాక తిన్నగా, తీరుబడిగా పోతుంది. దానికి సెకనుకి పదేసి ఫ్రేములూ, వందల ఫోకస్ పాయింట్లూ దేనికి? నా డి5600లో 39 పాయింట్లు, సెకనుకి అయిదు ఫ్రేములు. ఆ పక్షికి అదే పెళ్ళిభోజనం. ఎవరు ఏ కెమెరా కొనాలన్నది వాళ్ళు తీసే పిట్టని బట్టి ఉంటుంది. ఊళ్ళో గూడబాతులుంటే ఒక కెమెరా, పావురాళ్ళ మీద పడే డేగ ఉంటే ఇంకో కెమెరా.

ఇంకోటి. తొమ్మిది దాటి ఎండెక్కాక నీళ్ళ మీద గాలి కాగుతుంది, దూరంగా ఉన్నదంతా నూనెలో చూసినట్టు వణుకుతుంది. అప్పుడు 500 లెన్సయినా, లక్షల ఖరీదు చేసేదైనా ఒకటే. ఏడింటికి ముందు మంచు. మధ్యలో రెండు గంటలు, అంతే మీ లెన్సు ఆయుష్షు. ఆ రెండు గంటల్లో నాకు వచ్చినవి మాత్రం నిజంగా బావున్నాయి. కింద సంచీలో గులాబీ నరాలు, పైముక్కు అంచున వరసగా నల్లచుక్కలు, అన్నీ లెక్కపెట్టొచ్చు.

ఆ మధ్యాహ్నం బాబాయి చెరువు దగ్గరికెళ్ళాను. ఆయన కైకలూరు వైపు అభయారణ్యం హద్దు బయట చెరువు లీజుకి తీసుకుని బొచ్చె, శీలావతి పెంచుతాడు. కెమెరా చూడగానే,

"ఏంట్రా ఆ గొట్టం? ఎంత?"

"కొంటే అరవై పైన బాబాయ్. ఇది అద్దెది."

"రెండు ఏరేటర్లు వస్తాయి కదరా. దేన్ని తీస్తావు దీంతో?"

"గూడబాతుల్ని."

కాసేపు నా వైపు చూశాడు. "మేం తాళ్ళు కట్టి, టపాకాయలు పేల్చి తోలేది వాటినేరా అబ్బాయ్. ఒక్కో దాని సంచిలో ఎన్ని చేపలు పడతాయో తెలుసా నీకు?"

పొద్దున తీసినవి వెనక తెరమీద చూపించాను. అద్దాలు పెట్టుకుని ఒక్కోటీ తిప్పి తిప్పి చూశాడు. బావున్నాయన్నాడు. తర్వాత, "ఇది ఎక్కడ?" అన్నాడు. ఆటపాకే అన్నాను. "మన ఆటపాకా? గట్టు కనపడదు, రోడ్డు కనపడదు, ఇనప స్టాండు కూడా కనపడదు. ఏదో ఫారిన్‌లో తీసినట్టుంది."

ఆ మాట నాలో చాలా రోజులు ఉండిపోయింది. 500 లెన్సు చేసే పని అదే. అది చూసే కోణం మూడు డిగ్రీలలోపు. అటు చెరువు గట్టు, ఇటు ఐసు లారీ, వెనక సెల్ టవరు, అన్నీ దానికి కనపడవు. వెనకాల నీళ్ళు మసకబారి పట్టుచీరలా పరుచుకుంటాయి. చూసినవాడు "అబ్బ, కొల్లేరు ఎంత బావుందో" అనుకుంటాడు. అబద్ధమేం కాదు, పిట్ట అక్కడే ఉంది. కానీ అలాంటి ఫోటోలు వంద చూసినవాడికి కొల్లేరుకి ఏం జరిగిందో ఒక్క ముక్క తెలీదు. నేనే ఆరేళ్ళుగా 300 దగ్గర అదే పని చేస్తున్నాను, స్తంభం అడ్డొస్తే పక్కకి జరిగి.

సాయంత్రం 18-55 తగిలించి బాబాయి గట్టు మీదే నిలబడ్డాను. 18 దగ్గర, ఎఫ్/8. చెరువు మీద అడ్డంగా తెల్ల తాళ్ళు, కింద ఏరేటరు నురగ, గట్టు మీద మేత బస్తాల దొంతర, బాబాయి చేతిలో టపాకాయ, పైన నాలుగు గూడబాతులు దిగాలా వద్దా అని చుట్టూ తిరుగుతున్నాయి. అవి ఫ్రేములో ఒక్కోటీ బియ్యపుగింజంత. ఆ ఫోటో మా టీము వాళ్ళకి చూపిస్తే ఎవరూ అబ్బ అనలేదు. కానీ "ఈ తాళ్ళేంటి?" అని అడిగారు. అరగంట మాట్లాడుకున్నాం, చెరువుల గురించి, కాంటూర్ల గురించి, మనం హైదరాబాదులో తినే చేప ఎక్కణ్ణుంచి వస్తుందన్న దాని గురించి. పొద్దున తీసిన పెద్ద గూడబాతుకి వచ్చినవి అన్నీ బొటనవేళ్ళే.

అలాగని పెద్ద లెన్సు మీద మోజు తీరిపోయిందని చెప్తే నవ్వుతారు. తీరలేదు. ఆ నల్లచుక్కలు ఇంకా కళ్ళలో ఉన్నాయి.

అద్దె లెన్సుతో తీసిన పన్నెండొందల ఫోటోల మీద మళ్ళీ నా స్క్రిప్టు నడిపాను. ఇక్కడో తమాషా. పిట్ట చిన్నదైపోవడం అన్న కారణం దాదాపు మాయమైంది. దాని బదులు ఫోకస్ తప్పడం పైకొచ్చింది, పారేసినవాటిలో నలభై శాతం దాకా. గూడబాతుల్లో కాదు. లకుముకి పిట్టలు, నీటి మీద వాలే రివటల దగ్గర. దూరం నుంచి చిన్నగా తీసినప్పుడు ఫోకస్ ఒక బెత్తెడు తప్పినా తెలిసేది కాదు, ఇప్పుడు కన్ను కాకుండా రెక్క ఫోకస్‌లో ఉంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఆమ్‌డాల్ 1967లో చెప్పిన మాట మనం ఇంజనీరింగులో బట్టీ పట్టిందే కదా, ఒక ఇరుకు వెడల్పు చేస్తే రెండోది ఇరుకవుతుంది. పెద్ద లెన్సు కొన్న మర్నాటి నుంచి నాకు కొత్త బాడీ కావాలనిపిస్తుంది. అప్పుడు ఎనభై వేల బడ్జెట్టు రెండు లక్షలు. ఆ రెండు ట్యాబులూ ఒకదానికొకటి పోటీ అనుకున్నాను గానీ అవి వియ్యంకులు.

ఇంక నిర్ణయం. నేను కొల్లేరు వైపు వెళ్ళేది ఏడాదికి ఎన్నిసార్లు? ఫోటోల తేదీలే చెప్పాయి. ఆరేళ్ళలో 300 దగ్గర తీసినవన్నీ కలిపి 38 రోజుల్లో తీసినవి. ఏడాదికి ఆరు రోజుల చిల్లర. రోజుకి తొమ్మిదొందల చొప్పున ఆరేడు రోజులంటే ఏడాదికి ఆరు వేలు. అరవై వేలు తేలడానికి పదేళ్ళు. ఏడాదిలో మూడొందల యాభై రోజులు బీరువాలో పడుండే సర్వరు ఎవడైనా కొంటాడా? క్లౌడులో తీసుకుని వాడినంతసేపే కడతాం. అదే ఇక్కడా. పోనీ కొని, వాడనప్పుడు అమ్మేస్తే అంటారా, మా గోదావరి జిల్లా తేమలో రెండు వానాకాలాలు బీరువాలో ఉంచిన లెన్సులో సాలెగూడులా బూజు పడుతుంది. కొనేవాడు వెనక నుంచి టార్చి వేసి చూస్తాడు, బేరం అక్కడితో సగానికి పడుతుంది. మీరు సెకండ్‌హ్యాండ్ కొన్నా ఇదే పరీక్ష చెయ్యండి, బయట గీతలున్నా ఫరవాలేదు, లోపల దారాల్లా కనిపిస్తే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. దాచుకోడానికి గాలి చొరని డబ్బా, సిలికా జెల్లు, డబ్బాలో చిన్న తేమ మీటరు, అన్నీ కలిపి వెయ్యి లోపే. బియ్యంలో పెట్టమని కొందరు సలహా ఇస్తారు. బియ్యం నుంచి వచ్చే పిండి దుమ్ము లెన్సు లోపలికి పోతుంది, వద్దు.

కాబట్టి 35 కొన్నాను. పెద్ద గొట్టం అద్దె. బాడీ, డి5600 చచ్చేదాకా అదే. చచ్చాక ఏం కొనాలో అప్పటి సాఫ్ట్‌వేరు చూసి కొంటాను. నేను వారం వారం పిట్టల వెనక తిరిగేవాణ్ణయితే ఈ లెక్క తిరగబడేది, అద్దె రెండేళ్ళలో కొనుగోలుని దాటేసేది. పెళ్ళి ఫోటోలు తీసి బతికేవాళ్ళకయితే నా లెక్కే పనికిరాదు. గూడెంలో అలాంటి ఒకాయన్ని అడిగితే, "మాకు లెన్సూ బాడీ కాదండీ ముందు, రెండు కార్డులు పట్టాలి. ముహూర్తం మళ్ళీ రాదు, ఒక కార్డు పోతే పెళ్ళివారు మమ్మల్ని బతకనిస్తారా?" అన్నాడు. నా స్క్రిప్టుకి తట్టని పాయింటు.

ట్యాబులు రెండూ మూసేశాను. మిగిలిన డబ్బులో కొంత మామ్మ ఫోటోలు అచ్చు వేయించడానికి తీశాను. దబ్బకాయ తరుగుతున్నది ఒకటి పన్నెండు పద్దెనిమిది సైజులో వేయించి హాల్లో పెట్టాను. ఆవిడ రెండ్రోజులు దానివైపు చూడనట్టే నటించి, మూడోరోజు పక్కింటావిణ్ణి పిలిచి చూపించింది. కత్తిపీట సరిగ్గా పడలేదట.

డిసెంబరుకి మళ్ళీ ఆ 200-500 అద్దెకి చెప్పి ఉంచాను. ఈ సంగతి తెలిసి బాబాయి ఫోన్ చేశాడు. "ఆ గొట్టం తెస్తున్నావంట కదరా, రాత్రిపూట అవతలి గట్టు మీద ఎవడు వలేస్తున్నాడో దాంట్లో కనపడుద్దా?" రాత్రికి ఎఫ్/5.6 చాలదని ఆయనకి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.